సొంత ప్రాంతం మీద పుస్తకం వేసి, అమ్ముకుని, నిలబడడం: రచయిత–ఫొటోగ్రాఫర్లకు సమగ్ర మార్గదర్శి

తన ప్రాంతం గురించి తానే రాసి, ఫొటోలు తానే తీసి, రెంటినీ కలిపి సొంత ఖర్చుతో పుస్తకంగా వేసుకునేవారికి తెలుగునాట కొదవ లేదు. అలా వేసుకున్న పుస్తకాల కట్టలు వారి మంచాల కింద దుమ్ము పట్టి ఉండడం కూడా అందరికీ తెలిసిన సంగతే. నా మొదటి పుస్తకం నా మంచం కింద మూడేళ్ళు ఉంది. నేను పగలు టెక్కలిలో ఒక ఎరువుల దుకాణంలో పద్దులు రాస్తాను, తెల్లవారుజామున, సెలవు రోజుల్లో శ్రీకాకుళం జిల్లా ఊళ్ళు తిరిగి ఫొటోలు తీస్తాను, రాత్రిపూట రాసుకుంటాను. రెండో పుస్తకం ఏడాదిన్నరలో అమ్ముడుపోయిందంటే అది మొదటిదానికన్నా గొప్పగా ఉండడం వల్ల కాదు. దుకాణంలో ఎవరికి ఎన్ని బస్తాలు ఇచ్చామో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసినట్టే, పుస్తకం విషయంలోనూ ఒక పద్దు తెరిచాను, అంతే. ఒక ప్రాంతం గురించి రాసేవాడి పాఠకులు లక్షల్లో ఉండరు. పేరు పేరునా రాసి పెట్టుకోగలిగినంత మందే ఉంటారు. ఈ మార్గదర్శిలో చెప్పే మెట్లన్నీ ఆ పద్దుల పుస్తకం చుట్టూనే తిరుగుతాయి కాబట్టి, ముందుగా రెండు వందల పేజీల గట్టి అట్ట నోటుపుస్తకం ఒకటి కొనుక్కోండి.

మొదటి మెట్టు: పరిధి గీసుకోవడం

"ఉత్తరాంధ్ర" అన్నది పుస్తకానికి చాలా పెద్ద విషయం. "వంశధార ఒడ్డున" అన్నది సరిపోయే విషయం. ఒడిశాలో పుట్టిన ఆ నది హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి దాటి, శ్రీముఖలింగం ఆలయాల పక్కగా, శాలిహుండం కొండ కిందుగా పారి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ ఒక్క గీత మీద గుడులు, బౌద్ధ స్తూపాల శిథిలాలు, వరి పొలాలు, చేపల వేట, పాత ఓడరేవు అన్నీ ఉన్నాయి. మోటారు సైకిలు మీద ఒక్క రోజులో వెళ్ళి ఇంటికి తిరిగి రాగలిగినంత మేరను పరిధిగా పెట్టుకోండి. అంతకు మించితే ఖర్చు పెరగడం ఒకటి, ఒక చోటికి పదిసార్లు వెళ్ళలేకపోవడం రెండు. పదిసార్లు వెళ్ళనివాడు తీసిన ఫొటోకూ పర్యాటకుడు తీసిన ఫొటోకూ పెద్ద తేడా ఉండదు.

పరిధి గీసుకున్నాక, దాని బయట ఉంటూ దాని మీద మమకారం ఉన్నవారు ఎక్కడున్నారో పద్దులో మొదటి పేజీలో రాయండి. మా జిల్లావారు విశాఖపట్నం, హైదరాబాదుల్లోనే కాదు, రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్ళి స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనూ, సరిహద్దు అవతల పర్లాకిమిడి, బరంపురంలలోనూ ఉన్నారు. నా రెండో పుస్తకం ప్రతుల్లో గణనీయమైన భాగం వెళ్ళింది ఆ ఊళ్ళకే. కోనసీమ గురించి రాసేవారికి, పాలమూరు గురించి రాసేవారికి ఈ జాబితా వేరుగా ఉంటుంది. జాబితా అంటూ లేకపోతే మాత్రం పుస్తకం మంచం కిందికే.

రెండో మెట్టు: రోజును పంచుకోవడం

ఉద్యోగం చేసుకుంటూ ఈ పని చేసేవారికి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి గంటన్నర సేపే అసలైన సమయం. వెలుతురు మెత్తగా ఉంటుంది, జనం పనుల్లో ఉంటారు, కెమెరాను పట్టించుకోరు. వారంలో రెండు తెల్లవారుజాములు చాలు. ప్రతి రోజూ వెళ్తానని ఒట్టు పెట్టుకున్నవారు నెల తిరగకుండానే మానేయడం నేను చాలాసార్లు చూశాను.

తీసిన ఫొటోలను ఆ రాత్రే కంప్యూటరులోకి ఎక్కించి, ఫైలు పేరును తేదీ, ఊరు, విషయం వరసలో మార్చి, పద్దులో మూడు పంక్తులు రాసుకోవాలి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఏమన్నారు, ఫొటో ఇస్తానని మాట ఇచ్చామా లేదా అన్నవి రాస్తే చాలు. వారం తరవాత రాద్దామనుకుంటే మనిషి పేరు గుర్తుండదు, ఊరి పేరు తారుమారవుతుంది. ఆ మూడు పంక్తులే తరవాత పుస్తకంలో వ్యాసాలకు విత్తనాలు. ఫైళ్ళకు మూడు నకళ్ళు ఉండాలి. కంప్యూటరులో ఉన్నది కాక మిగతా రెంటినీ వేరు వేరు హార్డ్ డిస్కుల మీద ఉంచి, ఒకదాన్ని మరో ఇంట్లో పెట్టండి. 2018లో తిత్లీ తుపాను మా ప్రాంతం మీద విరుచుకుపడినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు ఎందరి ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయో చూసినవాడిగా, ఈ "మరో ఇల్లు" అన్నమాటను గట్టిగా చెబుతున్నాను.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. 24 మెగాపిక్సెళ్ళ పాత కెమెరా అయినా 6000 × 4000 పిక్సెళ్ళ బొమ్మ ఇస్తుంది. అచ్చుకు కావలసిన అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 20 × 13 అంగుళాలకు సరిపోతుంది. మన పుస్తకాల పేజీ అందులో సగం కూడా ఉండదు. కొత్త లెన్సు కొనే డబ్బుతో పుస్తకానికి రంగుల పేజీలు వేసుకోవచ్చు.

మూడో మెట్టు: అడిగి తీయడం, తీసింది ఇవ్వడం

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పొందూరు ఖాదీ గురించి రాయాలని వెళ్ళిన మొదటిసారి, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని దూది ఏకుతున్న పెద్దావిడ ఫొటోలు వరసగా ఇరవై తీశాను. ఆవిడ చేతిలో ఉన్నది వాలుగ చేప దవడ ఎముక. దాని మీద ఉండే సన్నని పళ్ళ వరసతో పత్తిని దువ్వుతుంటే నలుసులు కింద రాలి, పోగులు చక్కగా సర్దుకుని తేలిపోతాయి. అలా శుభ్రమైన దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. ఆ దవడను పట్టుకున్న బొటనవేలు మీద గోరు పక్కన కాయకాసి, చర్మం ఆ ఎముక రంగులోకే తిరిగి ఉంది. నేను ఆ వేలును దగ్గరగా తీస్తుండగా ఆవిడ తల ఎత్తకుండానే, "తీసుకెళ్ళినోళ్ళే గాని తెచ్చిచ్చినోళ్ళు లేరు బాబూ" అన్నారు.

అప్పటి నుంచి పద్దులో "ఇవ్వవలసినవి" అని ఒక పేజీ నడుపుతున్నాను. మనిషి ముఖం కనిపించే ఏ ఫొటో అయినా పుస్తకంలోకి వెళ్ళేముందు దాని కాగితపు ప్రింటు ఒకటి ఆ మనిషి చేతికి వెళ్ళి తీరాలి. స్టూడియోలో చిన్న సైజు ప్రింటుకు అయ్యేది ఒక టీ, రెండు ఇడ్లీల ఖర్చు. ప్రింటు ఇవ్వడానికి రెండోసారి వెళ్ళినప్పుడే అసలు కబుర్లు దొరుకుతాయి. ఆ ఇంటివాళ్ళే పక్క ఇంటికి తీసుకెళ్తారు. పుస్తకం వచ్చాక ఊళ్ళో మన తరఫున మాట్లాడేదీ వాళ్ళే. ప్రింటు ఇచ్చేటప్పుడే, ఈ ఫొటోను పుస్తకంలో వాడుకోవచ్చా అని అడిగి, ఒప్పుకుంటే నాలుగు పంక్తుల కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. చదవడం రానివారికి ఆ కాగితం చదివి వినిపించండి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల మాట తప్పనిసరి. గిరిజన గూడేలలో, జాతరలలో, చావు ఇళ్ళ దగ్గర ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించేయండి. బతిమాలి తీసిన ఫొటోలో ఆ బతిమాలడం కనబడుతుంది.

నాలుగో మెట్టు: ఫొటో కింద రాసే మాట

ప్రాంతీయ రచయిత పరువు వ్యాసాల్లో కన్నా ఫొటో కింది పంక్తిలో ఎక్కువగా నిలబడుతుంది, ఎక్కువగా పోతుంది కూడా. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముందు వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతుంది, పత్రికలూ ఏటా అదే అచ్చు వేస్తాయి. నేనూ నా మొదటి పుస్తకంలో అదే రాశాను. కానీ ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే; నీరు, చేపలు, గూటికి అనువైన చెట్లు వెతుక్కుంటూ ఈ మేరలోనే చోట్లు మారుతాయి తప్ప సైబీరియాలో వాటి సంతానం పెరగదు. పక్షుల గురించి తెలిసిన ఒక పాఠకుడు పోస్టు కార్డు మీద ఈ సంగతి రాసి పంపినప్పుడు సిగ్గుపడి, మిగిలిన ప్రతులన్నిటిలోనూ సవరణ చీటీ అతికించాను.

అయితే ఊరివాళ్ళ మాటను కొట్టిపారేయడం కూడా సరి కాదు. ఆ పక్షులు పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచులని వాళ్ళు అంటారు. అందుకే ఎవరూ రాయి విసరరు. రెండో పుస్తకంలో ఆ ఫొటో కింద పక్షి జాతి పేరు, నెల, చెట్టు పేరు రాసి, "ఊరివారు వీటిని పురిటికి వచ్చిన ఆడపడుచులంటారు" అని ముగించాను. తెలిసింది ఒకవైపు, జనం నమ్మేది మరోవైపు, రెండూ వేరువేరుగా కనబడేటట్టు రాస్తే ఎవరికీ కష్టం కలగదు. గుడి కట్టిన శతాబ్దం, శాసనంలోని రాజు పేరు వంటివి మాత్రం పూజారి నోటి మాట మీద రాయకండి. శాసన సంపుటాలు చూసి రాయండి.

అయిదో మెట్టు: హక్కులు, అనుమతులు

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మీ రచన మీద హక్కు మీ జీవితకాలమూ, ఆ తరవాత 60 ఏళ్ళూ ఉంటుంది. 2012 నాటి సవరణ తరవాత ఫొటోకూ ఇదే లెక్క. నమోదు చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. ఎవరైనా డబ్బు ఇచ్చి మీచేత ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. పెళ్ళిళ్ళకు, సంస్థలకు తీసిన ఫొటోలను మీ పుస్తకంలో వాడుకోవాలంటే ముందుగా ఒక కాగితం రాయించుకోవలసి ఉంటుంది.

శ్రీముఖలింగం, శాలిహుండం వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల చేతిలో పట్టుకుని ఫొటోలు తీసుకోవచ్చు గాని, ట్రైపాడ్, లైట్లు పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. పూజలు జరిగే గుడిలో గర్భాలయం ఫొటో తీయకపోవడం ఏ చట్టమూ చెప్పనక్కరలేని మర్యాద. అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి తీసుకోండి. డ్రోను ఎగరేసేవారికి 2021 నాటి డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. 250 గ్రాములు మించని వాటికి పైలట్ ధ్రువపత్రం అక్కర లేకపోయినా, ఎర్ర మండలాల్లో (విమానాశ్రయాల వంటి చోట్ల చుట్టూ గీసిన నిషిద్ధ మేరల్లో) కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయడం వాటికీ కుదరదు; విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళానిది కనుక ఆ చుట్టుపక్కల మరీ జాగ్రత్త.

ఆరో మెట్టు: ప్రెస్సుకు వెళ్ళేముందు

తెలుగు పుస్తకాలకు డెమీ 1/8 సైజు (డెమీ అనే అచ్చు కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిస్తే వచ్చేది) సర్వసాధారణం; అందులో ఒక ఫారం, అంటే అలా మడిచిన ఒక్క కాగితం, 16 పేజీలు. 160 పేజీల పుస్తకం పది ఫారాలు. 163 పేజీలు వచ్చిందంటే ఆ మూడు పేజీల కోసం మరో ఫారం బరువు మోయకుండా, మూడు పేజీలు తగ్గించండి. దాదాపు ప్రతిసారీ పుస్తకం బాగుపడుతుంది. వ్యాసాలను "మాప్లితో" అనే మామూలు తెల్ల కాగితం మీద వేయించి, ఎంచిన ఫొటోలను 16 పేజీల రంగుల ఫారంగా నున్నని ఆర్ట్ పేపరు మీద మధ్యలో కుట్టించడం చవకైన, చూడచక్కని పద్ధతి. అన్ని పేజీల్లో రంగుల ఫొటోలు వేస్తే ధర పెరిగి, ఏ ఊరి గురించి రాశామో ఆ ఊరివాడే కొనలేకపోతాడు.

డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే పని) దగ్గర జరిగే ప్రమాదం గురించి ముందే చెప్పడం మంచిది. మనం ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లో రాస్తాం. చాలా ప్రెస్సులలో ఇప్పటికీ అనూ ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాల పద్ధతి) వాడతారు. మార్చే క్రమంలో, పొల్లు తరవాతి అక్షరం ఒత్తుగా మారి "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలుగా అచ్చవుతాయి. కొటేషన్ గుర్తులు మాయమవుతాయి. మార్చిన తరవాతే మొదటి ప్రూఫు దిద్దాలి, మార్చకముందు దిద్దింది లెక్కలోకి రాదు. మూడు ప్రూఫులు చూడండి; వాటిలో ఒకటి మీరు కాకుండా మరొకరు చూడాలి. మూడో ప్రూఫులో వాక్యాలు తిరగరాయాలన్న కోరికను అణచుకోండి, డీటీపీ చేసే కుర్రవాడి ఓపికకూ హద్దుంటుంది.

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి. పొడవు వైపు 6000 పిక్సెళ్ళున్న ఫొటో 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోయిందంటే, అచ్చులో అది అయిదు అంగుళాల పైచిలుకుకే పనికొస్తుంది. నా మొదటి పుస్తకం అట్ట మీద కళింగపట్నం లైట్‌హౌసు మసకగా ఉండడానికి కారణం అదే. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. తెర మీద మెరిసే నీలం, ఆకుపచ్చ అచ్చులో కాస్త చచ్చుబడతాయి కాబట్టి, రంగుల ఫారం నమూనా ఒక్క కాగితం అచ్చు తీయించి, పగటి వెలుగులో చూసి ఒప్పుకోండి.

ప్రతి పుస్తకానికీ ప్రపంచమంతటా గుర్తుగా ఇచ్చే సంఖ్య ఐఎస్‌బిఎన్‌కు రూపాయి ఖర్చు లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఐఎస్‌బిఎన్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే 13 అంకెల సంఖ్య ఇస్తారు. సమయం పడుతుంది కనుక మొదటి ప్రూఫు నాడే దరఖాస్తు పెట్టండి. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయంతోపాటు ముంబై, ఢిల్లీలలోని మరో రెండు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. సొంతంగా వేసుకునేవాళ్ళు చాలామంది ఈ పని చేయరు. మన తరవాతి కాలంలో ఎవరైనా వెతికితే పుస్తకం దొరికే చోట్లు అవే కాబట్టి, ఆ నాలుగు ప్రతుల ఖర్చుకు వెనుకాడకండి.

ఏడో మెట్టు: ధర కట్టడం

ఇక్కడి అంకెలు ఊహించి వేసినవి. పద్ధతి మాత్రం చూడండి. 500 ప్రతులకు మొత్తం 60,000 రూపాయలు అయితే ప్రతికి 120. అరవై ప్రతులు సమీక్షలకు, గ్రంథాలయాలకు, ఫొటోల్లో ఉన్నవారికి ఉచితంగా పోతాయి. మిగిలిన 440లో సగం పుస్తకాల షాపుల ద్వారా, సగం మీ చేతుల మీదుగా అమ్ముడుపోతాయని అనుకుందాం. షాపులవారికి 40 శాతం దాకా కమిషన్ ఇవ్వవలసి రావడం మామూలే. వెల 200 పెడితే షాపుల నుంచి 26,400, నేరుగా 44,000, మొత్తం 70,400. రవాణా, సభ ఖర్చులు పోతే ఏమీ మిగలదు, రెండో పుస్తకం రాదు. వెల 300 పెడితే షాపుల నుంచి 39,600, నేరుగా 66,000, మొత్తం 1,05,600. వేసిన ఖర్చు వెనక్కి వచ్చి, తరవాతి పుస్తకానికి పెట్టుబడి నిలుస్తుంది. వెల తక్కువ పెడితే జనం ఎక్కువగా కొంటారన్నది నేను నమ్మి దెబ్బతిన్న మాట. పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు గాని, మీరు వేసే క్యాలెండర్లకు ఆ వెసులుబాటు లేదు. అమ్మకాలు పెరిగితే ఆడిటరును అడగండి.

ఎనిమిదో మెట్టు: సొంత డబ్బా కొట్టుకోవడం

మనవాళ్ళలో చాలామందికి ఇదే కష్టం. తన గురించి తాను చెప్పుకోవడం స్వోత్కర్ష అని వెనకాడి, చివరికి అట్ట వెనక "కవి, రచయిత, ఫొటోగ్రాఫర్, సంఘసేవకుడు, బహుముఖ ప్రజ్ఞాశాలి" అని ఎవరిచేతో రాయించుకుంటారు. అంతకన్నా పెద్ద డబ్బా మరొకటి లేదు. పరిచయాన్ని మీరే మూడు కొలతల్లో రాసి పెట్టుకోండి: వాట్సాప్‌కు ఒక వాక్యం, పత్రికలకు అయిదు వాక్యాలు, సభలో చదవడానికి ఒక పేజీ. ఒక వాక్యంలో విశేషణాలు ఉండకూడదు. "వంశధార ఒడ్డు ఊళ్ళను తొమ్మిదేళ్ళుగా ఫొటోలు తీస్తూ రాస్తున్నాను" అన్నది నా వాక్యం. మీ ఫొటో కూడా ఒకటి తీయించుకోండి. అందరి ఫొటోలూ తీసేవాడి దగ్గర తనది పాస్‌పోర్టు సైజుదే ఉండడం ఈ వృత్తిలో మామూలు జబ్బు.

పుస్తకం రావడానికి ఆరు నెలల ముందు నుంచి, వారానికి ఒక ఫొటో, దానికింద వంద మాటలకు మించని కబురు, ఒకే రోజున, ఒకే వేళకు పెట్టండి. ఫేస్‌బుక్‌లో మన పాఠకులు ఎక్కువగా నలభై దాటినవారు, ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ళ పిల్లలు; కొనేది మాత్రం తల్లిదండ్రులే అన్నది నా అనుభవం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే సందేశం విడివిడిగా అందరికీ వెళ్ళేది) ఒకదానికి 256 మంది పడతారు, అదీ మీ నంబరు వాళ్ళ ఫోనులో ఉంటేనే సందేశం చేరుతుంది. అందుకే ఎక్కడ ఎవరు పరిచయమైనా "నా నంబరు దాచుకోండి" అని అడిగి, పేరు, ఊరు పద్దులో రాసుకోండి. కుటుంబ గ్రూపుల్లో, అపార్ట్‌మెంటు గ్రూపుల్లో పుస్తకం ప్రకటన ఒక్కసారి పెట్టండి, రెండోసారి పెట్టకండి.

కొన్ని మంచి ఫొటోలను వికీమీడియా కామన్స్‌కు (వికీపీడియా వ్యాసాలకు ఫొటోలు అందించే ఉచిత భాండాగారానికి) ఇవ్వడం కూడా ప్రచారమే. మీ ప్రాంతం గురించి తెలుగు వికీపీడియాలో చదివేవారు ఫొటో మీద నొక్కితే మీ పేరు కనబడుతుంది. అయితే అక్కడ ఫొటో పెట్టేటప్పుడు మనం ఇచ్చే లైసెన్సు (వాడుకకు అనుమతి) ప్రకారం పేరు చెప్పి ఎవరైనా వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి అమ్ముకోదలచిన ఫొటోలు అక్కడ పెట్టవద్దు. మీ గురించి మీరే వికీపీడియా వ్యాసం రాసుకోవడం మాత్రం నవ్వులపాలు కావడమే.

తొమ్మిదో మెట్టు: ఆవిష్కరణ సభ

నా మొదటి ఆవిష్కరణకు నూటపాతిక మంది వచ్చారు, పదకొండు ప్రతులు అమ్ముడుపోయాయి. వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది శాలువాలు, తొమ్మిది జ్ఞాపికలు. ముఖ్య అతిథి పుస్తకం చదవలేదని అందరికీ తెలిసేటట్టు, నన్ను వేరే జిల్లావాడిగా పరిచయం చేశారు. చివరి వక్త మాట్లాడేసరికి సగం మంది బస్సు వేళయిందని వెళ్ళిపోయారు. పుస్తకాల బల్ల హాలు లోపలి మూలన ఉండిపోయింది.

రెండోసారి సభను పుస్తకంలోని ఊళ్ళలో ఒకదాన్లో, బడి ఆవరణలో, సాయంత్రం పెట్టాను. ఇరవై ఫొటోలను పెద్ద సైజులో ప్రింటు తీయించి తాడుకు క్లిప్పులతో వేలాడదీశాను. ఫొటోల్లో ఉన్న నలుగురిని వేదిక మీదికి పిలిచి, వారి చేతనే పుస్తకం విప్పించాను. మాట్లాడినవారు ఇద్దరే, ఇద్దరూ నెల ముందు ప్రతి అందుకుని చదివినవారు. బల్ల గేటు పక్కన, క్యూఆర్ కోడ్ అట్ట దాని మీద, చిల్లర డబ్బా దాని పక్కన. శాలువాలు లేవు, వేడి పకోడీలు ఉన్నాయి. ఆ సాయంత్రమే తొంభైకి పైగా ప్రతులు వెళ్ళాయి. కొన్నవారందరి పేర్లు, ఊళ్ళు పద్దులో ఎక్కాయి. సమీక్షల కోసం పత్రికలకు రెండేసి ప్రతులు, అయిదు వాక్యాల పరిచయం, రెండు మంచి ఫొటోలు పంపండి. ఫోను చేసి ఒక్కసారి మాత్రమే గుర్తుచేయండి.

పదో మెట్టు: అమ్మకం, పంపకం

షాపులకు పుస్తకాలు అరువు మీద ఇచ్చేటప్పుడు, ఎన్ని ఇచ్చారో రెండు నకళ్ళ చీటీ మీద రాసి, షాపు ముద్ర వేయించుకోండి. మూడు నెలలకోసారి వెళ్ళి లెక్క చూసుకోండి. ఒక షాపులో ఇచ్చిన ముప్ఫై ప్రతుల సంగతి రెండేళ్ళ తరవాత అడిగితే "మీవి ఎప్పుడో పంపేశాం" అన్నారు. చీటీ లేదు గనుక నోరు మూసుకుని వచ్చాను. ఎరువుల బస్తాల విషయంలో చేయని పొరపాటు పుస్తకాల విషయంలో చేశాను.

జిల్లా దాటి కట్టలు పంపడానికి ఆర్టీసీ కార్గో చవక, వేగం. విడి ప్రతులకు తపాలా శాఖ 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ చూడండి. మొదలుపెట్టినప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. వ్యాపార ప్రకటనలున్న పుస్తకాలకు అది వర్తించదు. పుస్తకం చివర స్థానిక దుకాణాల ప్రకటనలు వేసుకుని ఖర్చు రాబట్టుకుందామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మూలలు నలగకుండా అట్టముక్కలు రెండు వైపులా పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి కట్టండి.

హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో మామూలుగా జరుగుతాయి కాబట్టి, పుస్తకం నవంబరు కల్లా చేతికి రావాలి. సొంత స్టాలు ఒక్క పుస్తకంతో గిట్టుబాటు కాదు. నలుగురు అయిదుగురు రచయితలు కలిసి తీసుకుని, వంతుల వారీగా కూర్చోవడం మేలు. ఫొటోగ్రాఫరుకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పుస్తకం కొననివారు కూడా ఫొటో కార్డు కొంటారు. కార్డు వెనక పుస్తకం పేరు, ఫోను నంబరు ఉంటుంది. సంక్రాంతి తరవాత ఆ నంబరుకు వచ్చిన ఫోన్ల ద్వారా అమ్మిన ప్రతులు, స్టాలులో అమ్మినవాటికి దాదాపు సమానం.

పదకొండో మెట్టు: ఫొటో ఎత్తుకుపోయినప్పుడు

తప్పకుండా ఎత్తుకుపోతారు. నా గూడబాతుల ఫొటో ఒక ఫ్లెక్సీ మీద, పేరు లేకుండా, రంగు మార్చి, నాలుగు రోడ్ల కూడలిలో కనబడింది. కోపంతో ఫేస్‌బుక్‌లో తిట్టేముందు ఆ వాడకాన్ని తేదీ తెలిసేటట్టు ఫొటో తీసి పెట్టుకోండి. తరవాత మీ దగ్గరున్న "రా" (RAW) ఫైలు, అంటే కెమెరా నేరుగా దాచిన మూల ఫైలు, వివరాలతో, మర్యాదగా, ఇంత రుసుము అని బిల్లు జతచేసి ఉత్తరం రాయండి. రా ఫైలు తీసినవాడి దగ్గరే ఉంటుంది కనుక అదే బలమైన సాక్ష్యం. నాకు డబ్బు రాలేదు గాని, ఆ ఏడాది క్యాలెండరుకు ఫొటోలు కావాలని అదే వ్యక్తి అడిగి, ముందుగానే సొమ్ము ఇచ్చారు. ఫొటో మధ్యలో పెద్ద అక్షరాలతో పేరు వేసుకోవడం వల్ల దొంగతనం ఆగదు, ఫొటో మాత్రం చెడుతుంది. కింది మూలన చిన్నగా వేస్తే చాలు.

చివరి మెట్టు: మిగిలిన ప్రతులు

ఏటా మార్చిలో పద్దు మూసి, అచ్చయినవి, అమ్మినవి, ఇచ్చినవి, షాపుల్లో ఉన్నవి, ఇంట్లో ఉన్నవి కూడితే మొత్తం కలవాలి. యాభై లోపు మిగిలినప్పుడు షాపుల నుంచి వెనక్కి తెప్పించుకుని, పరిధిలోని బడులకు, శాఖా గ్రంథాలయాలకు కొన్ని పంచి, పది ప్రతులు విడిగా కట్టి పైన "ఇవ్వరాదు" అని రాసి అటక మీద పెట్టండి. ఆ కట్ట కట్టకపోవడం వల్ల, మూడేళ్ళు మంచం కింద ఉన్న నా మొదటి పుస్తకం ఇవాళ నా దగ్గర ఒక్కటి కూడా లేదు. కిందటి నెల ఖరగ్‌పూర్‌లో ఒక పాఠకుడి ఇంట్లో ఒక ప్రతి కనబడితే, ఆయనను బతిమాలి పక్క వీధికి తీసుకెళ్ళి జిరాక్సు తీయించుకున్నాను. సైబీరియా పక్షుల పేజీలో అతికించిన సవరణ చీటీ కూడా అందులో నల్లని చతురస్రంగా పడింది.